అత్తగారి మూగనోము

టైపిస్టుకి పెళ్లి కాలేదు గానీ అత్తగారు మాత్రం ఉంది. నీళ్ల ఆఫీసులో, వరండా చివరి గదిలో, బల్ల మీద తిష్ట వేసుకుని ఉంటుంది. టైపిస్టు ఏ మీట ముట్టుకున్నా దాని పేరు చెబుతుంది. తప్పు కొడితే ఆ తప్పు చదువుతుంది. పోనీ అని చెరిపితే, చెరిపిన అక్షరాన్ని కూడా పేరు పెట్టి పిలిచి మరీ సాగనంపుతుంది. "తెలిసిందిలే తల్లీ, కాస్త నోర్ముయ్" అంటే వినే రకం కాదు.

ఇదంతా ఓ పాత కంప్యూటరు సంగతి. టైపిస్టుకి పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. తెర మీద ఏముందో కంప్యూటరే చదివి వినిపించాలి. ఆఫీసు వాళ్లు మెట్ల కింద పారేసిన డబ్బాని బయటికి లాగి, దుమ్ము దులిపి, అందులో లైనక్స్ ఎక్కించి, చదివే గొంతు తగిలించింది ఆమె వదిన. వదిన కంప్యూటర్లు బాగుచేసే కొట్లో మెకానిక్. అత్తగారని పేరు పెట్టిందీ ఆవిడే. "నీకు పెళ్లి చేసే ఓపిక మీ అన్నయ్యకి లేదు, కనీసం అత్తగారినైనా నేను తెచ్చిచ్చా" అని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పుకుంటుంది.

టైపిస్టు పని వినడం, రాయడం. కొళాయిలో నీళ్లు రాని వాళ్లు ఆఫీసుకి ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకుంటారు, అది రికార్డవుతుంది, ఆమె విని టైపు చేస్తుంది. ఆ గోడులో సగం తిట్లే. తిట్లు తీసేసి నీళ్ల సంగతి మాత్రమే రాయాలని రూలు. మరీ ముచ్చటైన తిట్టు దొరికితే ఆమె తీసేయడం మర్చిపోయేది.

అంతకుముందు నాలుగేళ్లు ఆమెని గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ నాలుగేళ్లలో ఆమె మాట్లాడినవి మూడే మాటలు: ఎవరండీ, లోపలికెళ్లండి, కుడివైపు. అది ఉద్యోగం అనుకుంటే ఉద్యోగం. ఇప్పుడు ఆరు నెలల పాటు ఈ టైపు పనిలో పెట్టి చూస్తున్నారు. శుక్రవారం పొద్దున సూపరింటెండెంటు పైవాళ్లకి రిపోర్టు పంపాలి. ఒకరి సాయం లేకుండా పని చేసుకోగలదని రాస్తే పని ఖాయం. లేదంటే మళ్లీ గేటు, మళ్లీ కుడివైపు.

అయిదు నెలలు అంతా బాగానే నడిచింది. ఆరో నెలలో అత్తగారు మూగనోము పట్టింది.

పొద్దున తొమ్మిదింటికి టైపిస్టు వచ్చి మీట నొక్కుతుంది. లోపల ఫ్యాను తిరుగుతుంది. తర్వాత అత్తగారు "సిద్ధం" అనాలి. అనదు. ఆమె చేతుల కింద అన్ని మీటలూ ఉన్నా, అవి ఎక్కడికి పోతున్నాయో తెలియదు. ఒకసారి వదిన ఫోన్లో ఓ ఆజ్ఞ చెప్పి, గుడ్డిగా కొట్టెయ్యమంది. రెండు రోజులు పనిచేసింది. మూడో రోజు తెర మీద ఏదో ఫిర్యాదు తెరిచి ఉన్నట్టుంది, ఆజ్ఞ పోయి అందులో పడింది. పైపులు బాగుచేసే వాళ్లు దాన్ని కొత్త రకం తిట్టనుకుని హాలంతా చదువుకుని నవ్వుకున్నారు.

కాబట్టి ఇంక చేసేదేం లేక ఆమె తలుపు దగ్గరికి వచ్చి పిలిచేది. "సార్, ఒక్కసారి వస్తారా?"

సూపరింటెండెంటు వచ్చేవాడు. నడుముకి తాళాల గుత్తి, కాళ్లకి ఈడ్చే చెప్పులు, ప్రతి మాటకీ ముందు ఓ సకిలింపు. ముప్పై ఏళ్ల సర్వీసు. మౌసు పట్టుకుని తెర మూలన ఉన్న స్పీకరు బొమ్మ మీద ఒక్క నొక్కు నొక్కేవాడు. అత్తగారు నోరు తెరిచేది. "పర్లేదమ్మా, నేనున్నాగా" అనేవాడు. మంచివాడు, అందులో అనుమానం లేదు. కానీ ఆ "నేనున్నాగా" విన్నప్పుడల్లా ఆమెకి శుక్రవారం గుర్తొచ్చేది.

వదిన మూడుసార్లు వచ్చింది, మధ్యాహ్నం అన్నం వేళ, కొట్టు వాళ్లని బతిమాలుకుని. మొదటిసారి సాయంత్రం ఎవరైనా ప్లగ్గు పీకేస్తున్నారేమోనని సూపరింటెండెంటునే అడిగింది. ఆయన ముఖం మాడ్చుకుని, "నా సర్వీసులో నేను ఏ ప్లగ్గూ పీకలేదు. పద్ధతి ప్రకారం షట్‌డౌన్ నొక్కే కడతాను" అన్నాడు. రెండోసారి, డబ్బాలో ఒకటీ తెరలో ఒకటీ రెండు సౌండు కార్డులున్నాయని, ఏది ముందు లేస్తే అది పెద్దరికం చేస్తోందని తేల్చి, రెండింటికీ వరస ఖాయం చేసింది. మూడోసారి విసుగెత్తి మొత్తం పీకి మళ్లీ ఎక్కించింది. వచ్చిన ప్రతిసారీ ముందు డబ్బాని కట్టేసి, మళ్లీ ఆన్ చేసేది. అయిదుసార్లు కట్టి తీస్తే అయిదుసార్లూ అత్తగారు గణగణమని "సిద్ధం" అనేది. మర్నాడు పొద్దున మళ్లీ మూగ.

"మూడొందల డబ్బాలకి ప్రాణం పోశానే నేను" అంది వదిన, తల ప్రాణం తోకకొచ్చి. "ఈ దరిద్రపుగొట్టుది నా పరువు తీయడానికే పుట్టింది."

"నీ పరువు తర్వాత చూద్దాం వదినా. నాకు గేటు కుర్చీ కళ్ల ముందు కనిపిస్తోంది."

"నీకు కనిపిస్తోందా?"

"నాక్కూడా కనిపిస్తోందంటే ఎంత దగ్గరికొచ్చిందో చూసుకో."

గురువారం వదిన పూట సెలవు పెట్టి, ఆడపడుచుతో పాటే పొద్దున బస్సెక్కింది. గదిలోకి వచ్చారు, మీట నొక్కారు, అత్తగారు ఎప్పట్లాగే నోరు విప్పలేదు. వదిన అలవాటు కొద్దీ కట్టేసి తీయబోయి, మౌసు మీద చెయ్యి అలాగే ఆపేసింది. తర్వాత నుదురు మీద ఫెడీమని కొట్టుకున్న చప్పుడు టైపిస్టుకి స్పష్టంగా వినిపించింది.

"ఏమైంది?"

"నాకంటే మొద్దు ఈ ప్రపంచంలో లేదే. విను. ఇది పడుకునే ముందు, గొంతు ఎంతలో ఉందో ఒకచోట రాసి పెట్టుకుంటుంది. లేవగానే అది చూసుకుని అంతే పెట్టుకుంటుంది. నేనేం చేశాను? వచ్చీ రాగానే కట్టేశాను. కట్టగానే పాతది పోయి కొత్తది రాసుకుంది. మూడుసార్లూ సాక్ష్యాన్ని నా చేతుల్తో నేనే తుడిచేశా."

"అయితే ఇప్పుడు తుడవకుండా చదువు."

వదిన గబగబా నాలుగు మాటలు కొట్టింది.

"నిన్న సాయంత్రం ఆరూ అయిదుకి రాసుకుంది. గొంతు, ఆపు. మీ అత్తగారికి మతిమరుపు లేదే పిల్లా, రవ్వంత కూడా లేదు. మూగగా పడుకోబెట్టారు, మూగగా లేచింది. మూడు వారాలుగా చెప్పింది చెప్పినట్టు చేస్తుంటే మనమే దాన్ని తిడుతున్నాం."

"పడుకోబెట్టింది ఎవరు?"

"ఆరింటికి ఇక్కడుండేది ఎవరు?"

టైపిస్టు అయిదింటికే వెళ్లిపోతుంది. ఆ వేళకి ఫోన్ల గది నుంచి ఆ రోజు రికార్డింగులు ఈ డబ్బాలోకి రావడం మొదలవుతాయి, గంట పడుతుంది, అందుకని ఆమె కట్టదు. "నువ్వెళ్లమ్మా, బస్సు తప్పిపోతుంది, నేను కట్టేస్తాలే" అన్నది సూపరింటెండెంటే.

"ఆయన అలాంటివాడు కాదు వదినా."

"ఎలాంటివాడైతే నాకెందుకు? గొంతు ఆపి కడుతున్నాడు. అదీ పద్ధతి ప్రకారం. మొరటుగా ప్లగ్గు పీకి పారేసినా బతికిపోయేవాళ్లం, రాసుకునే తీరిక దీనికి దొరికేది కాదు. పద్ధతిట, పద్ధతి!"

"వెళ్లి అడుగుతా."

"అడుగు. అయ్యో చెయ్యి తగిలుంటుందమ్మా అంటాడు. రేపు పొద్దున రిపోర్టు వెళ్లిపోతుంది." వదిన గొంతు తగ్గించింది. "కావాలంటే, ఏం రాసున్నా సరే లేవగానే నోరు తెరవమని దీనికి చెప్పేస్తా. రేపటి నుంచి నీకు బాధే ఉండదు."

"రేపటి సంగతి సరే. ఇన్నాళ్లు రోజూ పిలిపించుకున్నాడు కదా, దాని సంగతి? ఎందుకో నాకు తెలియాలి. ఆయన ఆరింటిదాకా ఈ గదిలో ఏం చేస్తున్నాడు?"

వదిన రెండూ చేసింది. లేవగానే నోరు తెరవమని ఒక ఆజ్ఞ రాసింది. సాయంత్రం అయిదూ నలభై అయిదుకి గొంతు దానంతటదే పూర్తిగా తెరుచుకోవాలని ఇంకోటి రాసింది. రాస్తున్నప్పుడు ఆవిడ వేళ్లలో ఉన్న హుషారు చూస్తే ఇది రిపేరు పనిలా లేదు.

సాయంత్రం అయిదింటికి టైపిస్టు చేతికర్ర గట్టిగా ఆడించుకుంటూ బయటికి వచ్చింది, అందరికీ వినబడాలని. మెట్ల దాకా వెళ్లి, చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగి, వరండాలో బల్ల మీద కూర్చుంది. వదిన అప్పటికే అక్కడ ఉంది, సంచీలోంచి ఏదో తీసి నములుతోంది. కాసేపటికి ఈడ్చే చెప్పులు వచ్చాయి. తాళాల గుత్తి గదిలోకి వెళ్లింది. తలుపు మూసుకుంది.

తర్వాత లోపల్నించి ఓ చప్పుడు. టక్. చాలాసేపు ఏం లేదు. మళ్లీ టక్.

ఆఫీసులో ఎవరి వేళ్లు ఎవరివో టైపిస్టుకి తెలుసు. ఈ వేళ్లు ఎప్పుడూ వినలేదు. "రెండు వేళ్లతో కొడుతున్నాడు" అంది. ఇంకాస్త విని, "లేదు, ఒకటిన్నర" అంది.

వదినకి నవ్వొచ్చి పొలమారింది.

హాల్లో బిల్లుల గుమాస్తాలు సంచులు సర్దుకుంటున్నారు. టైపిస్టుకి ఆయన చెడ్డవాడని తేలితే బాధ, కాదని తేలితే మరి ఈ మూడు వారాలూ ఏమిటి? వదిన చేతి గడియారం చూసి, "ఇప్పుడు" అంది.

"కొమ్ము!" అని అరిచింది అత్తగారు.

తను మెట్ల దాకా వెళ్లొచ్చేలోగా వదిన స్పీకర్లని కూడా చివరికంటా తిప్పి వచ్చిందని టైపిస్టుకి అప్పుడే తెలిసింది. వరండా కిటికీలు అదిరాయి. లోపల కుర్చీ కిర్రుమంది. ఆయన కంగారులో దొరికిన మీటల్లా నొక్కుతున్నాడు. అత్తగారు దేన్నీ వదలడం లేదు.

"ఎస్కేప్. ఎస్కేప్. ఎస్కేప్. ట్యాబ్. ఎస్కేప్."

బిల్లుల గుమాస్తాలు సంచులు చేతుల్లోనే పట్టుకుని వరండాలోకి వచ్చారు. ఈలోగా ఆయన చెయ్యి ఏ మీట మీద పడిందో, అత్తగారు గొంతు సవరించుకున్నంత విరామం ఇచ్చి, మొదటి నుంచీ అందుకుంది.

"సదరు ఉద్యోగిని పని శ్రద్ధగా చేయుచున్నారు. అయితే ప్రతిరోజూ ఉదయం ఇతరుల సహాయం లేనిదే యంత్రాన్ని ప్రారంభించలేకపోతున్నారు."

నవ్వబోతున్న గుమాస్తాలు నవ్వలేదు. ఆ సదరు ఉద్యోగిని బల్ల మీద కూర్చుని ఉందని అప్పుడే చూశారు. టైపిస్టు చెవులు భగ్గుమన్నాయి. మూడు వారాలు ఆయన దయకి ఆమె రోజూ థాంక్స్ చెప్పింది. లేచి, కర్ర కూడా తీసుకోకుండా, వెళ్లి తలుపు తోసింది.

ఆయన ఆమెని చూసినట్టున్నాడు. ఇంకేం తోచలేదేమో, రాసిన దాన్ని చివర నుంచి చెరపడం మొదలుపెట్టాడు. అత్తగారు ఊరుకుంటుందా?

"కొమ్ము. ర. దీర్ఘం. న. పొల్లు. న. కొమ్ము. త. ఓత్వం. ప. క. ఏత్వం. ల."

"కానివ్వండి సార్" అంది టైపిస్టు. "ఇంకా చాలా ఉంది."

వెనకే దూసుకొచ్చిన వదిన నోరు తెరవబోయింది. "వదినా, నువ్వు బయటుండు. వాళ్లనీ పంపించెయ్" అని టైపిస్టు తలుపు వేసింది. చెయ్యి చాపి స్పీకరు కాస్త తగ్గించింది. పూర్తిగా ఆపలేదు.

"ఎందుకు సార్?"

ఆయన సకిలించాడు. మళ్లీ సకిలించాడు. "ఇక నుంచి అందరూ ఎవరి ఉత్తరాలు వాళ్లే టైపు చేసుకోవాలని ఆర్డరు వచ్చిందమ్మా. ముప్పై ఏళ్లుగా నేను చెప్తే ఎవరో ఒకరు రాసేవాళ్లు. ఈ వయసులో హాల్లో అందరి ముందూ కూర్చుని అక్షరాలు వెతుక్కోమంటావా? ఈ గదికి తలుపుంది. కానీ ఇది... తప్పు కొట్టిన ప్రతిసారీ ఊరంతా వినేలా అరుస్తుంది."

"నా తప్పులూ అరుస్తుంది సార్. ఆరు నెలలుగా ఊరంతా వింటోంది."

తాళాల గుత్తి గలగలమంది.

"గొంతు మీరే ఆపుతున్నారు, పొద్దున మీరే తెరుస్తున్నారు. మీకు అనుమానం రాలేదా?"

"మొదట నిజంగా తెలీదమ్మా. కట్టి తీస్తే అన్నీ మామూలైపోతాయనుకున్నా. రెండో వారంలో తెలిసింది."

"తెలిసీ?"

కుర్చీ మళ్లీ కిర్రుమంది. "నువ్వు 'సార్, ఒక్కసారి వస్తారా' అని పిలిస్తే లేచి వచ్చేవాణ్ని. ఆ హాల్లో నన్ను ఎవరూ ఏదీ అడగరు. వాళ్లకి అన్నీ వచ్చు. పొద్దున పూట నువ్వొక్కదానివే పిలిచేదానివి."

ఆ మాట ఆమెకి అర్థమైంది. గేటు దగ్గర కూర్చున్న నాలుగేళ్లలో తననీ ఎవరూ ఏదీ అడగలేదు, దారి తప్ప. అర్థమైనందుకే ఇంకా ఒళ్లు మండింది.

"మీకు ఊసుపోక నన్ను మూగదాన్ని చేశారు. అది చాలక, రోజూ సాయం కావాలని రాశారు. ఎలా రాయబుద్ధయింది సార్?"

"రాసింది అబద్ధం కాదు కదమ్మా, రోజూ నేనే..." అని మొదలుపెట్టి, సగంలో తన మాట తనకే వినిపించినట్టు ఆగిపోయాడు.

ఆమెకి ఏడుపొచ్చింది. దాచుకోవాలనిపించలేదు, ఏడ్చింది. ఆయన రుమాలు కోసం జేబులు తడుముకుంటున్న చప్పుడు వినిపించింది, దొరికినట్టు లేదు. బయట వదిన ఎవరినో గద్దిస్తోంది, ఇక్కడేం సినిమా ఆడటం లేదు పొండి పొండి అని. టైపిస్టు చెంగుతో ముఖం తుడుచుకుంది.

"కొట్టండి" అంది.

"ఏంటమ్మా?"

"చెరిపారుగా. మిగిలింది కూడా చెరిపేసి మళ్లీ కొట్టండి. నేను చెప్తా."

"నువ్వే కొట్టెయ్యమ్మా, నిమిషంలో అయిపోతుంది. ఏం రాసినా సంతకం పెడతా. ఒట్టు."

"నా మీద రిపోర్టు నేనే రాసుకుంటే బాగోదు సార్. పద్ధతి కాదు."

ఆయన మౌసు వైపు చెయ్యి జరిపాడు. బల్ల మీద ఆ చిన్న రాపిడి ఆమె విన్నది. "గొంతు ఉంటుంది" అంది. చెయ్యి వెనక్కి వచ్చింది.

ఆమె పక్కన ఉన్న బల్లకి ఆనుకుని నిలబడి, ఒక్కో మాటా విడమరిచి చెప్పింది. సదరు ఉద్యోగిని. ఆయన కొట్టాడు, తప్పు కొట్టాడు, చెరిపాడు, అత్తగారు అన్నీ చదివింది. గత ఆరు నెలలుగా. "ఆరు" దగ్గర అయిదుసార్లు తడబడ్డాడు. మొదటి తప్పుకి ఆయన ఊపిరి ఆగింది, పదో తప్పుకి మామూలుగానే ఊపిరి పీల్చుకున్నాడు. బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. బయట వదిన బల్ల మీద పడుకుని గురక పెడుతోంది.

"తన పనినంతటినీ" అంది ఆమె.

చాలాసేపటికి అది అయింది.

"ఇతరుల సహాయం లేకుండా."

"ఇతరుల" నడిచిపోయింది, అందులో కష్టమైన అక్షరాలు లేవు. తర్వాత, "స" అంది అత్తగారు. అక్కడ ఆగింది. ఆయన గోళ్లు మీటల మీద వరసలు వరసలుగా తడుముకుంటూ పోయి, మళ్లీ మొదటికి వచ్చాయి. ఇంకోసారి పోయి వచ్చాయి. ఆమె కాచుకుంది.

చివరికి ఆయన సకిలించకుండానే అడిగాడు. "అమ్మా, ఒక్కసారి చెప్తావా? 'హ' ఎక్కడుంది?"

"కుడి చూపుడు వేలు, పై వరస. 'బ' పక్కనే."

ఆయన నొక్కాడు.

"హ" అంది అత్తగారు, గదంతా వినిపించేలా.